ఆరు ఒకేలాంటి బొమ్మలు

"ఈ కాగితం సరిగ్గా అచ్చు పడలేదే. ఆరు బొమ్మలూ ఒక్కలాగే ఉన్నాయి."

ఫిజియోథెరపీ సెంటర్లో కుర్చీ అంచున కూర్చుని, తల్లి ఆ జెరాక్స్ కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసింది.

ఆరింటిలోనూ పడుకున్న మనిషి, చాపిన కాలు, మోకాలి కింద మడతపెట్టిన తువ్వాలు.

"అది అంతేనమ్మా," అంది కూతురు. "మోకాలితో తువ్వాలును నొక్కి పట్టుకోవాలి. కాలు కదపకూడదు. పది లెక్కపెట్టి వదలాలి. పైన రాసుంది చూడు, ఐసోమెట్రిక్ అని."

"అంటే?"

"సమానమైన కొలత అని. అంతకుమించి నాకూ తెలీదు."

తల్లి బట్టలు కుడుతుంది. కొలత అన్న మాట వింటే చాలు, చెయ్యి మెడలోని టేపు మీదికి పోతుంది.

కూతురికి సిటీ బస్సు డ్రైవరుగా పిలుపు వచ్చింది. నెలాఖరున బస్సు నడిపి చూపించాలి. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. సరిగ్గా ఇప్పుడే మెట్ల మీద జారిపడితే ఎడమ మోకాలికి ఆపరేషన్ అయింది. క్లచ్ తొక్కాల్సిన కాలు.

తల్లి ఉండబట్టలేక పైపులు బిగించే మరిదిని కూడా అడిగింది.

"ఐసోమెట్రిక్కా? అది మా పనిలో బొమ్మ వదినా. పైపు ఎటు తిరగాలో గీసిస్తారు. పొడుగు, వెడల్పు, ఎత్తు, మూడూ ఒకే కొలతలో ఉంటాయి."

"మా పిల్ల కాలికి పైపులెందుకయ్యా?"

"నన్నడిగితే పైపుల సంగతే చెబుతాను మరి."

ఆమెకు ఒక్కటే అర్థమైంది. రెండు కాళ్ళూ సమానం కావాలి.

టేపు పెట్టి చూసింది. మోకాలికి నాలుగు వేళ్ళ పైన కుడికాలు పద్దెనిమిది అంగుళాలు. ఎడమది పదహారు.

ఇది ఇంకా సన్నబడితే? కర్రలా అయిపోతే?

"కదపకుండా పడుకుంటే కాలు వస్తుందా ఎక్కడైనా? లే. వంచు. యాభై సార్లు."

"డాక్టరమ్మ వద్దందిగా?"

"ఆవిడ కన్నదా నిన్ను, నేను కన్నానా?"

నాలుగో రోజుకు టేపు పదిహేడున్నర చూపించింది. తల్లి సెంటర్లో అందరి ముందే మళ్ళీ కొలిచి, ఇన్నాళ్ళకు నవ్వింది.

ఎదుటి కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. రోజూ ఉంటాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని, కుడి చెయ్యి గోడకు ఆనించి నెడుతూ ఉంటాడు. గోడా కదలదు, చెయ్యీ కదలదు.

"గోడ పడిపోతుందని భయం కాబోలు," అంది తల్లి గొంతు తగ్గించి.

"నీ భయాలకంటే నయమే," అంది కూతురు.

పెద్దాయన ఇటు తిరిగాడు. "టేపును నమ్మకండమ్మా. చెయ్యి పెట్టి చూడండి. గట్టిగా ఉంటే కండ. వేడిగా ఉంటే వాపు."

మాట ముద్దముద్దగా వచ్చింది.

"మీరు డాక్టరా?"

"ఇక్కడికి వైద్యానికే వస్తున్నానమ్మా."

"అయితే మీ వైద్యం మీరు చూసుకోండి. మా పిల్ల జోలికి రాకండి."

లేచి, రిసెప్షన్లో కొత్తగా చేరిన అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. "ఆయన తాగి వచ్చాడమ్మా. ఆడపిల్లతో కూర్చున్నాను, నాకు భయంగా ఉంది."

ఆ అమ్మాయి వెళ్ళి ఏదో చెప్పింది. పెద్దాయన వాదించలేదు. ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుని లేచాడు.

వెళ్తూ కూతురి దగ్గర ఆగాడు. "బస్సు నడపబోతున్నావని విన్నాను. ఎత్తు మీద బస్సు ఆపి క్లచ్ సగంలో పట్టుకుంటావు చూడు. అప్పుడు కాలు కదులుతుందా? అయినా కష్టపడేది అదే కదా. కండ పొడుగు మారదు, పని మాత్రం జరుగుతుంది. ఐసోమెట్రిక్ అన్న మాటకు ఇక్కడ అర్థం అది."

మర్నాటికి మోకాలు ఉబ్బి, ముట్టుకుంటే పెనంలా కాలింది.

డాక్టరమ్మ చూసి, "వంచమని ఎవరు చెప్పారు?" అంది.

తల్లి టేపు తీసి సంచిలో దాచుకుంది.

వారం రోజులు ఐసు, విశ్రాంతి. ఆ తర్వాత ఇంట్లోనే తువ్వాలు నొక్కి పట్టుకోవడం. తల్లి పక్కన కూర్చుని పది లెక్కపెట్టేది. కంగారులో ఏడు దగ్గర తప్పిపోయి మళ్ళీ మొదలుపెట్టేది. తొడ మీద చెయ్యి వేసి చూసేది. రోజురోజుకీ గట్టిగా తగిలింది.

నెలాఖరున కూతురు ఎత్తు మీద బస్సు ఆపి, ఒక్క జానెడు కూడా వెనక్కి జారకుండా ముందుకు తీసింది.

ఆ సాయంత్రం తల్లి కొత్త చొక్కా పట్టుకుని సెంటర్‌కు వచ్చింది. కంటితోనే కొలత ఊహించి కుట్టింది. గుండీలకు బదులు ఒంటిచేత్తో నొక్కితే అతుక్కునే పట్టీలు వేసింది.

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. దాని వెనక గోడ మీద, అరచెయ్యంత మేర రంగు మాసి ఉంది.

"ఆ పెద్దాయన ఏ వేళప్పుడు వస్తారు?" అని డాక్టరమ్మను అడిగింది.

"ఇక రారమ్మా. తాగి వస్తున్నారని ఎవరో అన్నారట, ఆ రోజు నుంచే రాలేదు. పోయిన వారం వాళ్ళ చెల్లెలు వచ్చి తనతో తీసుకెళ్ళిపోయింది."

తల్లికి చొక్కా ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "ఎవరమ్మా ఆయన?"

"మాకందరికీ పని నేర్పిన మాస్టారు," అంది డాక్టరమ్మ. "మీ కాగితం మీది ఆరు బొమ్మలూ, పక్షవాతం రాకముందు, ఆ కుడి చేత్తోనే గీశారు."