ఎడమ బొమ్మ, కుడి బొమ్మ

ఎడమ బొమ్మకి చెయ్యాల్సినవి: పౌడరు కడిగించాలి. జుట్టు తడిపి, నెత్తికి అంటుకుపోయినట్టు దువ్వాలి. దీపం తల పైన పెట్టాలి. గాజు నెగెటివ్ మీద బుగ్గల దగ్గర కత్తితో గీకి గుంటలు పడేట్టు చెయ్యాలి. కళ్ళ కింద నలుపు రావాలి. మెడ ఎముకలు తేలాలి.

కుడి బొమ్మకి ఏమీ అక్కర్లేదు. పిల్లని నవ్వమంటే చాలు.

క్రాండల్ గారు రాసిచ్చిన చీటీ అది. క్లీవ్‌లాండ్‌లో ఆయనకి ప్రకటనలు తయారుచేసే ఆఫీసు ఉండేది. వాషెక్ అక్కడ ఫోటోలు తీసేవాడు, వాటికి మెరుగులు దిద్దేవాడు. ఈసారి పని రేడియం నీళ్ళ ప్రకటన. ఆ రోజుల్లో రేడియం అంటే జనానికి ఎక్కడలేని నమ్మకం. పళ్ళపొడిలో కలిపారు, మొహానికి రాసుకునే క్రీముల్లో కలిపారు, చివరికి తాగే నీళ్ళలోనూ కలిపి సీసాల్లో అమ్మారు.

ఎడమ బొమ్మ కింద 'వాడక ముందు' అని, కుడి బొమ్మ కింద 'వాడిన తర్వాత' అని అచ్చువెయ్యాలి.

బొమ్మలకి కూర్చున్న పిల్ల పేరు లియోనా. టోపీల దుకాణంలో పనిచేసేది. అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నుల్లాంటి బుగ్గలు. నీరసంగా మొహం పెట్టమంటే పెట్టేది, మరుక్షణం కిసుక్కుమనేది. జబ్బు మొహమే కావాలంటే మా దుకాణం యజమానురాలిని పిలిపించండి, ఆవిణ్ణి చూస్తే నాకు దానంతటదే వచ్చేస్తుంది అంది. వాషెక్ కూడా నవ్వాపుకోలేక దీపం ఆర్పేశాడు.

కూర్చున్నందుకు ఆమెకి ఏడాదికి సరిపడా నీళ్ళ సీసాలు ఇచ్చారు. అది క్రాండల్ గారి తెలివి. తాగే మనిషే ప్రకటనలో ఉంటే రేపు ఎవరూ అబద్ధమని వేలెత్తి చూపలేరు. మూడో అంతస్తులో ఉన్న ఆమె గదిదాకా ఆ పెట్టెలు మోసింది వాషెకే. రోజుకి రెండు తాగు, మానెయ్యకు అని చెప్పింది కూడా అతనే.

ఎడమ బొమ్మ మాత్రం కుదర్లేదు. ఎంత గీకినా ఆ మొహంలో నవ్వు చావలేదు. ఇది జబ్బు మనిషి కాదు, మసి పూసుకున్న మనిషి అని క్రాండల్ గారు దాన్ని బల్ల అవతలికి తోసేశారు. ప్రకటన వాయిదా పడింది; ఏడాది తిరిగాక ఇంకోసారి తియ్యాల్సి వచ్చింది.

ఆ ఇంకోసారి లియోనా నవ్వలేదు.

బొమ్మ చూసి క్రాండల్ గారు వాషెక్ భుజం తట్టారు. చేతిలో పనితనం అంటే ఇదీ అని ఆఫీసంతా వినిపించేట్టు అన్నారు. తర్వాత గదిలోకి పిలిచి తలుపేసి, ఈ బొమ్మ సంగతి బయట పొక్కితే ఈ ఊళ్ళో నువ్వు మళ్ళీ కెమెరా ముట్టుకోవు అన్నారు. వాషెక్ ఆ బొమ్మని అచ్చుకి పంపించేశాడు.

ప్రకటన ట్రాముల్లోకెక్కింది, మందుల షాపుల అద్దాలకెక్కింది. అతను ట్రాము మానేసి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఇంటికొచ్చేసరికి అది వంటింటి గోడ మీద ఉంది.

ఆ ఇల్లు రూజెనా పిన్నిది. వాషెక్ పైగదిలో అద్దెకుంటాడు. పిన్నికి ఒక్కతే కూతురు, మిలాదా. చలికాలంలో వచ్చిన జ్వరం తగ్గింది గానీ పిల్ల కోలుకోలేదు. ఇష్టంగా తినే పిండి ఉండలు కూడా ముట్టడం లేదు. పిన్ని ఆ ప్రకటన కత్తిరించి గోడకి అంటించింది, సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత ఇంకా తియ్యలేదు.

"ఒరే వాషెక్, ఇది మీ ఆఫీసుదే కదా. నిజం చెప్పు. ఈ ఇద్దరూ ఒకత్తేనా, లేక అక్కాచెల్లెళ్ళని పట్టుకొచ్చారా?"

"ఒక్కత్తే పిన్నీ. నాకు తెలిసిన పిల్లే."

"నా ముక్కు మీద పులిపిరి ఫోటోలో మాయం చేసినవాడివి నువ్వు. దీనికేం మాయ చేశావు?"

వాషెక్ గోడ వంక చూశాడు. లియోనా రెండు మొహాలూ అతన్నే చూస్తున్నాయి.

"ఏమీ లేదు. ఈ రెండు బొమ్మల మీదా నా కత్తి పడలేదు."

"చాల్రా నాయనా. నీ మాట మీదే తెరుస్తున్నా."

అతను మెట్ల వైపు తిరిగాడు. వెనక మూత తీసిన చప్పుడైంది.

"అమ్మా, ఇది చీకట్లో వెలుగుతుందిట. తాగితే నేనూ వెలుగుతానా?" అంటోంది మిలాదా.

"ముందు తిండి తిను. తర్వాత వెలుగుదువుగాని."

మూడు మెట్లెక్కి వాషెక్ ఆగిపోయాడు. కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఉద్యోగం కళ్ళముందు ఆడింది. అది పక్కకి తప్పుకున్నాక లియోనా కనబడింది. వెనక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, ఒక్క ముక్క చెప్పాడు.

పిన్ని కూతురి చేతిలోంచి గ్లాసు లాక్కుంది. నీళ్ళు తొట్టిలో పారబోసి, బూడిద వేసి తొట్టి తోమింది. తోమింది, మళ్ళీ తోమింది. అతని వైపు తిరక్కుండానే అడిగింది.

"ఈ మాట ఆ బొమ్మలో పిల్లకి చెప్పావా?"

వాషెక్ లేదన్నట్టు తలూపాడు.

"పైన ఉండరా. ఉండొద్దనను. నా బల్ల దగ్గర మాత్రం కూర్చోకు."

పాత పత్రికల్లో ఎప్పుడైనా ఆ ప్రకటన మీ కంటబడితే లియోనాని ఒక్కసారి తలుచుకోండి, కానీ కుడి నుంచి ఎడమకి చూడండి: నవ్వుతున్న బొమ్మ ఆమె మొదటి సీసా తెరవకముందు తీసింది, రెండోది ఆఖరి సీసా అయిపోయాక తీసింది.