కిటికీకి అవతల

“అమ్మా, అటు కాదు. ఇటు రండి.”

బెంచీ మీంచి లేచిన మనిషి, చంకలో బిడ్డతో తప్పుదారి పట్టిన తల్లిని ఆపాడు.

అద్దం వెనక కూర్చున్న ఆమెకు ఒళ్ళు మండింది. రక్తపరీక్ష గది ఎడమ పక్క వరండాలో, మెట్లు దాటాక అని ఇప్పుడేగా చెప్పింది! ఆ తల్లి తల కూడా ఊపింది. ఊపి, తిన్నగా కుడివైపుకి నడిచింది.

ఆ పెద్ద ఆసుపత్రిలో విచారణ కిటికీ ఏళ్ళ తరబడి ఆమెదే. అద్దంలో మాట్లాడటానికి పెట్టిన కన్నం నడుమెత్తులో ఉంది. వచ్చినవాళ్ళు వంగి బల్లతో మాట్లాడతారు. ఆమెకు కనిపించేది వాళ్ళ నడినెత్తులే. మైకు పాడై ఎంతకాలమైందో ఎవరికీ గుర్తులేదు. పొద్దున్నించీ గొంతు చించుకుని ఇంటికెళ్తే, మొగుడితో “ఊఁ”, “ఆఁ” తప్ప ఇంకో మాటకు ఓపిక ఉండదు.

బయట ఆ మనిషి బిడ్డతల్లిని బెంచీ మీద కూర్చోబెట్టాడు. నెమ్మదిగా చెప్పాడు. తర్వాత ఆమె చేతే చెప్పించుకున్నాడు.

“ఇప్పుడు ఎటు వెళ్తారు?”

“ఇటేపు... మెట్లు దాటాక...”

“గది ముందు ఎవరూ లేకపోతే?”

“తలుపు కొడతా.”

“అదీ. వెళ్ళిరండమ్మా.”

రోజూ ఇదే తంతు. యాభై దాటిన మనిషి, ఉతికిన చొక్కా, ఒట్టి చేతులు. ఆయాలు ఆయనకు బెంచీ బాబాయని పేరు పెట్టారు.

“బ్రోకరై ఉంటాడక్కా,” అన్నాడు పక్కన మందుల కౌంటరతను. “ఈ రోజుల్లో ఊరికే దొరికేవి చుట్టాల సలహాలొక్కటే.”

ఆమె నవ్వలేదు. తనకూ అదే అనుమానం. పైగా, తను చెప్పిందాన్ని ఇంకొకరు మళ్ళీ చెప్తున్నారంటే, తనకు చెప్పడం చేతకాదనేగా?

చెయ్యి ఊపి పిలిచింది. ఆయన వచ్చి వంగాడు.

“మీరు పేషెంటా?”

“కాదమ్మా.”

“పేషెంటు తాలూకా?”

“అంటే, అప్పుడు మా ఇంట్లో...”

“అప్పటి సంగతి కాదు. ఇప్పుడు లోపల మీవాళ్ళున్నారా, లేరా? ఒక్క ముక్కలో చెప్పండి. వెనక జనం ఉన్నారు.”

ఆయన ఇంకేదో చెప్పబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

“లేరమ్మా.”

“మరిక్కడేం పని? రేపట్నించి కనిపించొద్దు. అర్థమైందా?”

ఆయన తల ఊపాడు.

మర్నాడు ఆమె మాట మీద వాచ్‌మన్ ఆయన్ని గేటు దగ్గరే ఆపేశాడు. ఆయన గొడవ పడలేదు. కాసేపు లోపలికి చూసి, వెనక్కి తిరిగాడు.

ఆమెకు హాయిగా అనిపించింది. అదీ ఆ పూటకే.

ఒక చెవిటి తాత అదే ప్రశ్నతో మళ్ళీ మళ్ళీ వచ్చాడు. ఒక అత్తా కోడలూ ఆమె చెప్పింది చెరో రకంగా విని, కిటికీ ముందే పోట్లాటకు దిగారు. కాలు విరిగినవాడొకడు చర్మం డాక్టరు గది ముందు పొద్దంతా కూర్చున్నాడు. వరస గేటు దాకా పాకింది.

“చెప్పేది చెవికెక్కదా?”

“మీరు తిన్నగా చెప్తే కదా!”

వారం తిరక్కుండానే ఆమె గొంతు బొంగురుపోయింది. ఆ రోజు మధ్యాహ్నం ఒక ముసలావిడ కన్నం దగ్గర రెండు చేతులూ జోడించింది.

“తిట్టకమ్మా. తెలీక అడగబోయా.”

ఏం అడగాలనుకుందో అడక్కుండానే వెళ్ళిపోయింది. అద్దం వెనక ఆమె కుర్చీలోంచి సగం లేచింది. అప్పటికే ఇంకో తల కన్నం మీదికి వంగింది.

డ్యూటీ దిగి, గేటు దగ్గర వాచ్‌మన్‌ని ఆపింది.

“ఆ బెంచీ బాబాయిని రేపొకసారి రమ్మనవయ్యా. కూర్చుంటే కూర్చోనీ.”

“ఇంకెక్కడి బాబాయమ్మా! ఇల్లు ఖాళీ చేసి అన్నగారి ఊరెళ్ళిపోయాడు. ఇక్కడికి రావడానికే ఇన్నాళ్ళూ ఆ ఇల్లు పట్టుకుని ఉన్నాట్ట.”

“ఇక్కడేముందని?”

వాచ్‌మన్ ఆమెను వింతగా చూశాడు.

“మీకు తెలీదా? తెలిసే వద్దన్నారనుకున్నానే!”

“ఏంటి తెలిసేది?”

“ఆయన భార్య ఇక్కడే పోయిందమ్మా. గుండెల్లో నొప్పని ఒక్కతే వచ్చింది. కిటికీలో అడిగితే ఏదో గది చెప్పారట. మొగుడికి ఫోన్ చేసి, ‘సరిగ్గా వినపళ్ళేదు, మళ్ళీ అడిగితే కసురుతారేమో, ఒక గది ముందు కూర్చున్నాలే, పిలుస్తారు’ అందట. వెనక వరండాలో తాళం వేసిన గది అది. ఎవరు పిలుస్తారు? ఈయన వెతుక్కుంటూ వెళ్ళేసరికే...”

చేత్తో గాల్లో ఏదో తుడిచేసినట్టు చేశాడు.

ఆమె గేటు ఊచ పట్టుకుంది.

“ఆ రోజు కిటికీలో...”

వాచ్‌మన్ ఆమె వైపు చూడకుండా అన్నాడు:

“‘ఆ కిటికీలో ఆవిడ మీద కోపం రాదా బాబాయ్’ అని నేనూ అడిగానమ్మా. ‘ఆ అమ్మాయి ఒక్కతే ఎంతమందికని చెప్తుంది, గొంతు నొప్పెట్టదూ, కాస్త సాయం చేద్దామనే వస్తున్నా’ అనేవాడు.”