పళ్లూడిన పిల్లి

తన సంగటి గిన్నెలో మూతి పెట్టిందని, పదిహేనేళ్లుగా పెంచిన పిల్లిని ముసలి చెన్నకేశవ ఎగిరి తన్నాడు. అది గోడకు కొట్టుకుని పడింది. మందలో గొర్రెకు పళ్లు చూసినట్టే దాని దవడలు విప్పి చూశాడు. నెత్తురే తప్ప ఒక్క పన్నూ లేదు.

"పండ్లూడిన గొర్రెను ఒక్క దినం మందలో పెట్టుకోలే. ప్రొద్దుటూరు కసాయికి తోలినా. దీన్నెందుకు మేపల్ల?"

గొడ్డలి ఎత్తాడు.

భార్య సంజీవమ్మ అడ్డు రాలేదు.

"ఆ సంగటి అంత మెత్తగా ఎవురికోసరం పిసికినా?"

"నీ ముద్దుల పిల్లికి!"

"కాదు, నీకు. నువ్వు మిగిల్చిందే దానికి. పండ్లు ఇద్దరికీ లేవు. ముందు ఎవుర్ని నరుకుతావో చెప్పు."

జవాబు చెప్పబోయి చెన్నకేశవ నోరు తెరిచాడు. లోపల చిగుళ్లే కనిపించాయి.