వెనక బ్రేకులకు కూలి

“మీ పాత డిస్కు టిఫిను ప్లేటైతే, ఇది అన్నం కంచం మాస్టారూ. ఎంత పెద్దదైతే అంత గట్టిగా పట్టుకుంటుంది,” అంటూ మెకానిక్ గోనెసంచిలోంచి రెండు ఇనుప బ్రేకు డిస్కులు తీసి, జాకీల మీదున్న కారు వెనక చక్రం దగ్గర పెట్టాడు.

ఈ మాస్టారు చెప్పేది పాఠాలు కాదు, డ్రైవింగు. ఉన్నది ఒక్క కారు. పోయిన వారం వాలు రోడ్డు మీద ఒక కొత్త కుర్రాడు బ్రేకు తొక్కాడు. పక్కనుంచి మాస్టారు కూడా తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు తొక్కాడు. కారు ఇద్దరి మాటా వినకుండా సాగి సాగి, ఒక ప్రహరీగోడకు జానెడు దూరంలో ఆగింది. ఆ సంగతి వీధి వీధికీ పాకింది. నేర్చుకునేవాళ్ళలో సగం మంది మానేశారు, మిగతా సగం జ్వరమనీ పెళ్ళనీ తప్పించుకు తిరుగుతున్నారు. ఈ బ్రేకులు కుదరకపోతే బోర్డు పీకెయ్యడమే. కొత్త సెట్టు కొందామంటే, కారు అమ్మితే గానీ కారుకు బ్రేకులు రావు.

ముందు బ్రేకులు మార్చి ఏడాది కూడా కాలేదు. వచ్చిన చిక్కల్లా వెనకవాటితోనే. అదే కంపెనీవాళ్ళ పెద్ద కారు ఒకటి తుక్కు కొట్టుకు వచ్చిందని తెలిసి, మెకానిక్ సైకిలేసుకుని వెళ్ళి ఆ డిస్కులు తెచ్చాడు. చక్రంలో పడతాయో లేదో అట్టముక్క గుండ్రంగా కత్తిరించి ముందే చూసుకున్నాడు. పెద్ద డిస్కుకు అందేలా, దాన్ని నొక్కిపట్టే క్యాలిపర్‌ని బయటికి జరపడానికి ఇనుప పట్టీలు తనే కోసి, రంధ్రాలు వేశాడు. కొన్నదల్లా బ్రేకు ప్యాడ్లు మాత్రమే. కూలి ఎంతని మాస్టారు అడిగితే, తర్వాత చూద్దాం లెమ్మన్నాడు.

మాస్టారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇంటికెళ్ళి చెబితే భార్య మాత్రం ముక్కున వేలేసుకుంది. “ముందే తేల్చుకోవద్దూ? తర్వాతన్నాడంటే మీ పీకల మీదికి ఏదో తెస్తాడు,” అంది. ఆ మాటతో మాస్టారికి అన్నం సయించలేదు.

నిజానికి మెకానిక్ మీద అతనికి గురి ఎక్కువ. వీధిలో అందరూ ఆ మెకానిక్‌ని డాక్టరంటారు. రిపేరయ్యాక బండి యజమాని చేతే నడిపించి, తను పక్క సీట్లో కళ్ళు మూసుకుని వింటాడు. జబ్బు ఎక్కడుందో విని చెప్పేస్తాడు. షెడ్డులోకి కూడా ఎవరి బండి వాళ్ళే ఎక్కించాలి. మీ బండి మీ చేతికే అలవాటు కదా అంటాడు. ఇంత మర్యాద తెలిసిన మెకానిక్‌ని మాస్టారు మరెక్కడా చూడలేదు.

మర్నాడు అదే వాలు రోడ్డు మీద పరీక్ష. మాస్టారు స్టీరింగు పట్టుకున్నాడు, డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. సగం దిగాక తొక్కితే కారు మేకు కొట్టినట్టు ఆగింది. డాక్టరుకు తృప్తి లేదు. వెనక చక్రాలు పట్టేసి జారతాయేమోనని బకెట్లతో నీళ్ళు పోసి, తడి రోడ్డు మీద మళ్ళీ తొక్కించాడు. జారలేదు. అయినా పదిసార్లు తొక్కించాడు.

“ఏమీ రానివాడు తొక్కినా ఆగుతుందంటారా?” అన్నాడు చివరికి.

“ఆగుతుంది.”

“కంగారులో సగమే తొక్కితే?”

“సగం తొక్కినా ఆగుతుందయ్యా.”

డాక్టరు నుదుటి చెమట తుడుచుకున్నాడు. తన దగ్గర నేర్చుకునే పిల్లల మీద ఇతనికి ఇంత శ్రద్ధేమిటా అని మాస్టారి మనసు కరిగిపోయింది.

వారం తిరిగేసరికి మానేసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. జ్వరాలు తగ్గాయి, పెళ్ళిళ్ళు అయిపోయాయి. మాస్టారు బోర్డుకు కొత్త రంగు వేయించాడు. కూలి మాట అతను ఎత్తలేదు, డాక్టరూ ఎత్తలేదు.

ఒకరోజు పొద్దున్నే మాస్టారు ఆఫీసు తలుపు తీసేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని డాక్టరు నిలబడి ఉన్నాడు.

“కూలి అడుగుదామని వచ్చాను మాస్టారూ.”

మాస్టారికి భార్య మాట చెవిలో మోగింది. “అడగవయ్యా,” అన్నాడు నీరసంగా.

“డబ్బు వద్దండీ. ఓ నెల్లాళ్ళు రోజూ ఇదే వేళకి మీరూ, మీ కారూ ఓ అరగంట కావాలి. వీధిలో మాత్రం ఎవరికీ తెలియకూడదు.”

మాస్టారు తేలికపడ్డాడు. నవ్వు కూడా వచ్చింది.

“ఇంకా వినడానికేముందయ్యా? బండి చక్కగా ఆగుతోందిగా.”

“వినడానికి కాదండీ.” డాక్టరు వీధి అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు.

“నాకు కారు నడపడం రాదు.”