ఆదివారం పిస్తోలు

"ఇది ఆదివారం పిస్తోలు," అంటూ హోలిస్ చొక్కా పైకెత్తాడు.

చెమట పట్టిన పొట్ట మడతల్లోంచి తోలు ఒర, ఒరలోంచి ముత్యపుచిప్ప పిడి బయటికి తొంగిచూశాయి. ఎదురుగా కూర్చున్న ఓలెటా చేతిలో చెంచా నోటిదాకా వెళ్లలేదు. ఆరాధన అయ్యాక చర్చి హాల్లో అందరూ కలిసి తినే భోజనం అది. పక్కన అరటిపండు పుడ్డింగ్ గిన్నె కూడా ఉంది.

"ఎండాకాలం పల్చటి చొక్కాకి చిన్నది, కోటు రోజుల్లో పెద్దది, చేపలకెళ్తే తుప్పు పట్టనిది. మొత్తం పదకొండు! రోజుకోటి మారుస్తుంటా." హోలిస్ వేళ్లకంటిన మాంసం పులుసు నాకాడు. "రోజూ ఒకటే తగిలిస్తే నడుం కాయకాస్తుంది సిస్టర్."

"నా మొగుడు ఒక్క టోపీతో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చాడు. ఒక్క నడుముకి పదకొండా?"

బల్ల చుట్టూ ఉన్న చర్చి కాపలా జట్టు ఘొల్లున నవ్వింది. ఆ జట్టుకి హోలిస్ పెద్ద. వచ్చే వారం నుంచి పిల్లల గదిలో కూడా ఇద్దరు పిస్తోళ్లతో కూర్చోవాలని అతనే తీర్మానం పెట్టాడు. రెండు గంటలకి ఓటింగ్. ఆ గదిలో ముప్పై ఏళ్లుగా చిన్నపిల్లలకి పాఠం చెప్పేది ఓలెటా. ఆమె మనవరాలు, నాలుగేళ్ల మేబెల్, కూర్చునేదీ అక్కడే.

"బాత్రూం దగ్గరే చావు," అన్నాడు జట్టులోని డెంటన్ నోటినిండా బీన్స్‌తో. "బెల్టు విప్పామా, జారిపోతుంది. తీసి ఎక్కడో ఓచోట పెట్టాలి."

తిండి దగ్గర ఇవా మాటలు! ఓలెటా పళ్లెం పక్కకి నెట్టేసింది. "పెట్టి మరిచిపోతే?"

"నడుం తేలికైపోదూ? అదే గుర్తుచేస్తుంది."

"మర్నాడు ఇంకోటి తగిలిస్తారుగా. అప్పుడేం గుర్తుచేస్తుంది?"

జట్టులోనే ఉన్న కర్టిస్ తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టాడు. పిల్లల్ని బస్సులో ఎక్కించి తెచ్చేది అతనే.

ఓలెటా తిన్నగా పాస్టర్ దగ్గరికి వెళ్లింది. "ఈ తీర్మానం ఆపండి పాస్టర్‌గారూ."

"ఊరికే ఎలా ఆపను సిస్టర్? ఇన్నేళ్లలో ఒక్క పొరపాటు జరగలేదంటున్నారు. మీరొక్కటి చూపించండి, ఆ కాగితం నేనే చించేస్తాను."

ఆమె పిల్లల గదిలోకి వెళ్లింది. పిల్లలు కారిడార్లో దాగుడుమూతలు ఆడుతున్నారు. బీరువాలు తీస్తున్నారు, బల్లల కింద దూరుతున్నారు. అయిదు నిమిషాల తర్వాత ఓలెటా నీలం బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి కాపలా జట్టు ముందు పెట్టింది. లోపల ఏదో ఖణేల్‌మంది.

"ఇది పిల్లల గదిలోంచి తెచ్చాను. మీలో ఎవరైనా ఏమైనా పోగొట్టుకున్నారా?"

అందరి చేతులూ ఒక్కసారే నడుం మీదికి వెళ్లాయి. అందరి మొహాలూ తేటపడ్డాయి.

"మావి మా దగ్గరే ఉన్నాయి," అన్నాడు హోలిస్.

"ఇవాళ్టివి ఉన్నాయి. నేను వంటగదిలో ఉంటా. పోగొట్టుకున్నవాళ్లు ఒంటరిగా రండి. అది ఎలా ఉంటుందో, చివరిసారి ఎక్కడ తీశారో కాగితం మీద రాసి సంతకం పెట్టండి."

ముందు కర్టిస్ వచ్చాడు, మొహం వేలాడేసుకుని. "అక్కా, నల్లది, చెక్క పిడి. ఈస్టర్ రోజు పెట్టుకున్నా. తర్వాత వేరేవి మారుస్తూ వచ్చా. ఇంట్లో పెట్టెలో ఉందనుకున్నా."

"తూటాలు ఉన్నాయా?"

"లేకపోతే ఎందుకక్కా అది?"

ఓలెటా కిటికీ తీసి బయటున్న కోడల్ని కేకేసింది. "పిల్లలందర్నీ పచ్చికలోకి తీసుకుపో! లెక్కపెట్టుకో. నేను చెప్పేదాకా ఒక్కర్నీ లోపలికి రానివ్వకు!"

కర్టిస్ కాగితం ఇచ్చి వెళ్లాడో లేదో డెంటన్ వచ్చాడు. "వెండిరంగుది. అరచేతిలో ఇమిడిపోతుంది. మా వాడి బాప్టిజం రోజు... బట్టలు మార్చుకునే గదిలో అనుకుంటా."

"అనుకుంటావా?"

"ఎన్నని గుర్తుంటాయి సిస్టర్?"

ఛీ, అనుకుంది ఓలెటా. పైకే అనేసింది కూడా.

చివరికి హోలిస్ వచ్చి తలుపు వేశాడు. "స్టీలు రివాల్వర్. పోయిన నెల పాటల పుస్తకాల అలమరా దగ్గర తీసినట్టు గుర్తు. మనలో మాట, ఎవరికీ చెప్పకు." అతనూ సంతకం పెట్టాడు.

ఓలెటా మూడు కాగితాలూ పాస్టర్ చేతిలో పెట్టింది. ఆయన చదువుతుంటే మొహం పాలిపోయింది. తీర్మానాన్ని అందరి ముందే నాలుగు ముక్కలు చేశాడు.

"సరే, నువ్వే గెలిచావు," అన్నాడు హోలిస్ చెయ్యి చాపుతూ. "ఇక మావి మాకిచ్చెయ్."

ఓలెటా డబ్బా అతని ముందుకి తోసింది. "నువ్వే తియ్యి. తీశాక అందరం కలిసి వెతకాలి."

వెతకడమేమిటో అర్థంకాక హోలిస్ మూత తీశాడు.

డబ్బా నిండా కత్తెర్లూ గుండీలే.