పడని మాత్ర

“ఆ మాత్ర మీ తమ్మునికి ఇయ్యొద్దమ్మా!”

వాకిట్లో నిలబడిన ఆడమనిషి ఆ మాట అనగానే చౌడేశ్వరికి ఒళ్లు భగ్గుమంది.

తండ్రి పోయినప్పటి నుంచి మగ్గాన్నీ ఇంటినీ ఆమే మోస్తోంది. తమ్ముడు తిరుపాల్‌కు మతి చెడిన సంగతి ధర్మవరంలో ఎవరికీ పొక్కకుండా చూసుకుంటోంది. ఎల్లుండే హిందూపురం నుంచి పిల్లనిచ్చేవాళ్లు వస్తున్నారు. ఈవిడెవరో వీధికంతా వినబడేలా మాత్రల గురించి మాట్లాడుతోంది!

“ఎవురు నువ్వు? యాడినుంచి వచ్చినావు?”

“పెనుకొండ. నా పేరు సోమక్క. నేనూ అదే మాత్ర మింగినా. ఒళ్లు కొయ్యబారిపోయి, చావు తప్పింది. బెంగళూరులో రక్తం పరీక్ష చేసి చెప్పినారు. కొందరికి పుట్టుకతోనే ఆ మందు ఒంట్లో కరగదంట. పేరుకొని విషమైతాదంట. మీ తమ్మునికీ ఆ పరీక్ష చేపియ్యల్ల.”

“నీకు పడకపోతే మావానికీ పడదా? అసలు మాకు నువ్వేమైతావు?”

సోమక్క చెప్పబోయి ఆగింది. ఆమె చూపు లోపల మగ్గానికి కండెలు చుడుతున్న చౌడేశ్వరి తల్లి మీద పడింది.

“ఏమీ కాను తల్లీ. చెప్పిపోదామని వచ్చినా.”

“పెండ్లి చెడగొట్టమని ఎవురు పంపినారే నిన్ను?”

చౌడేశ్వరి ఆమె రెక్క పట్టి మెట్ల కిందికి తోసింది. ఆమె చెప్పులు తీసి వీధిలోకి విసిరింది.

“నన్ను ఎన్నన్నా తిట్టు. పరీక్ష మాత్రం...”

తలుపు ధడాలున మూసుకుంది.

అదే కోపంతో చౌడేశ్వరి మాత్ర తెచ్చి తమ్ముడి నోట్లో పెట్టింది.

“చేతులు బిగుసుకుంటాండాయక్కా!”

“పెండ్లిచూపులు అయ్యేదాకా నోరు మూసుకో!”

పెళ్లిచూపుల్లో తిరుపాల్ బొమ్మలా కదలకుండా కూర్చున్నాడు. ఎంత నెమ్మదస్తుడో అని మురిసిపోయారు హిందూపురంవాళ్లు.

ఆ తర్వాత నాలుగోరోజుకు తిరుపాల్ దవడలు బిగుసుకుపోయాయి. ఒళ్లు పెనంలా కాలింది. బెంగళూరు ఆసుపత్రిలో చేర్చిన రెండోరోజే ప్రాణం పోయింది.

రక్తం పరీక్ష ఫలితం ఆ తర్వాత ఇరవై రోజులకు వచ్చింది. ఆ మందు అతని ఒంట్లో కరగదు.

“మందులిచ్చేది మీ డాక్టర్లే, సంపేది మీ డాక్టర్లే!” చౌడేశ్వరి డాక్టర్ బల్ల మీద చరిచింది. “వానికి పడదని ముందే ఒక్కరన్నా వచ్చి చెప్పినారా?”

“చెప్పమని సోమక్కను పంపించాను కదమ్మా!”

మళ్లీ చరచబోయి లేచిన చౌడేశ్వరి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“సోమక్కకు ఇదే లోపం బయటపడింది. ‘ధర్మవరంలో తిరుపాల్ అని ఉండాడు సార్, వానిదీ ఇదే జబ్బు, ఆసుపత్రి వరుసలో వాని చేతిలోనూ ఇదే మాత్ర చూసినా’ అని ఏడ్చింది. వెంటనే పోయి తీసుకురమ్మన్నాను. ఆ తర్వాత మూడుసార్లు ఇక్కడికొచ్చి అడిగింది, తిరుపాల్ వచ్చినాడా అని.”

“లోకంలో ఎందరికి లేదు సార్ ఈ జబ్బు? ఆమె మా ఇంటికే ఎందుకొచ్చింది?” చౌడేశ్వరి గొంతులో ఇంకా కోపమే ఉంది.

డాక్టర్ ఆమె వైపు వింతగా చూశాడు.

“ఈ లోపం రక్తసంబంధంలో వస్తుందమ్మా... సోమక్క మీ నాయనకు పెనుకొండలో పుట్టిన బిడ్డేనని మీకు తెలియదా?”