తడిసిన పక్క

వృద్ధుల వైద్యం క్లాసులో మంచం మీదిది రబ్బరు ముసలమ్మ బొమ్మ. పక్కగదిలోంచి మేడమ్ మైకులో దానికి గొంతు ఇస్తుంది.

"అమ్మాయ్, బాత్రూమ్‌కి తీసుకెళ్ళవా?" అంది బొమ్మ.

పరీక్షకు నిలబడ్డ నర్సింగ్ అమ్మాయి బీపీ చూస్తూనే, "డైపర్ వేశాంగా బామ్మగారూ, అందులోనే కానిచ్చేయండి" అంది. క్లాసంతా పగలబడి నవ్వింది.

చీకటిపడ్డాక, మర్చిపోయిన స్టెతస్కోపు కోసం ఆ అమ్మాయి ఒక్కతే తిరిగొచ్చింది. మేడమ్ గదికి తాళం వేసుంది. బొమ్మ ప్లగ్గు పీకేసి ఉంది. అయినా గదిలో మూత్రం వాసన. చెయ్యి పెట్టి చూస్తే పక్క తడిగా, ఇంకా వెచ్చగా ఉంది. పొద్దున వెల్లకిలా పడుకున్న బొమ్మ ఇప్పుడు గోడవైపు మొహం తిప్పుకుని ఉంది.

పారిపోవాలనిపించింది. కానీ క్లాసులో వినబడ్డ నవ్వు గుర్తొచ్చి, సిగ్గుతో తల వాలిపోయింది. తడి దుప్పటి తీసి, చల్లటి రబ్బరు ఒళ్ళు తుడిచి, పొడి దుప్పటి పరిచింది.

"తప్పయిపోయింది బామ్మగారూ" అని గొణిగింది.

తడి దుప్పటి చంకన పెట్టుకుని తలుపు దాకా వెళ్ళింది. అప్పుడు వెనకనుంచి, ఏడుపు దిగమింగుకుంటున్న గొంతు వినిపించింది.

"అమ్మాయ్... మా కోడలికి చెప్పకే."